బరువు మైదానం

దిగుడు 904

పిల్లలు ఐదుగురు: మైథిలి, శాంతన్న కూతుళ్ళిద్దరు, సోనీ, ఓదెలు. అందరికీ తొంభై నిమిషాలు పూర్తయ్యాయి. సోనీ లిఫ్టులో వాంతి చేసుకుంది. సంచి సమయానికి అందింది.

ఆఫీసువాళ్ళకు కావలసింది ఇంతే. ఈ పుస్తకంలో విశేషాలకని ఇచ్చిన గడి వేలెడు వెడల్పు కూడా ఉండదు. అందుకని మిగతాది వెనక పేజీల్లో రాస్తాను. మూడేళ్ళుగా రాస్తున్నాను. ఎవరైనా చదివిన గుర్తులు మాత్రం ఎప్పుడూ కనపడలేదు.

అంతరిక్షంలో తిరిగే మా చక్రంలో, మేముండే బరువులేని నడుమ నుంచి బరువుండే అంచుకు లిఫ్టు ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. మొదటి ఐదు నిమిషాలు పిల్లలు ఇంకా గాలిలో తేలుతూనే ఉంటారు. పట్టీలు కట్టుకోమని గొంతు చించుకోవాలి. తర్వాత ఆడపిల్లల జడలు మెల్లగా కిందికి వాలతాయి. అవి భుజాలకు తగలగానే నేను మోకాళ్ళకు గుడ్డ బిగించుకుంటాను. తలుపు తెరుచుకునే సరికి నా ఒంట్లోకి యాభై ఎనిమిది కిలోలు వచ్చి కూర్చుంటాయి. పొద్దున నిద్ర లేచినప్పుడు వాటిలో ఒక్కటి కూడా ఉండదు.

నాలుగో పేట పెద్ద మైదానం గేటు దగ్గర సత్తార్ భాయ్ కుర్చీ వేసి ఉంచాడు. ఆయన ఇక్కడి కాపలాదారు. "కూసో అక్కా, జర దమ్ము తీసుకో" అంటాడు రోజూ. నేను రోజూ కూర్చుంటాను. అంతదాకా నడిచేది అరవై అడుగులే. అయినా అక్కడికి చేరేసరికి చేను దున్ని వచ్చినట్టు ఉంటుంది.

మైదానం చాలా పెద్దది. చక్రం వంపుకు తగ్గట్టు దాని రెండు చివరలూ పైకి లేచి ఉంటాయి. ఆ చివర క్రికెట్ ఆడుకునే అంచు పిల్లలు మన మీదికి ఒరిగి నిలబడినట్టు కనిపిస్తారు. పన్నెండు ఉయ్యాలలు, మూడు జారుడుబండలు, ఇసుక గుంట, చుట్టూ రాతి గట్టు. అంచు పిల్లలకు ఇది ఆటస్థలం. మావాళ్ళకు మందు. పద్నాలుగేళ్ళు నిండేదాకా రోజూ గంటన్నర బరువు మోస్తేనే వాళ్ళ ఎముకలు గట్టిపడతాయి.

ఓదెలుకు ఆసుపత్రి నుంచి కొత్త పని ఉన్న కార్డు వచ్చింది. నిరుడు వాడికి ఆటలమ్మ పోసింది. వెంటనే లిఫ్టు మరమ్మతు వచ్చింది. అలా రెండు నెలలు దిగలేదు. ఆ లోటు పూడ్చడానికి అదనంగా ముప్పై నిమిషాలు. గట్టు మీది నుంచి గట్టి నేల మీదికి రెండు వందల దుంకులు. ఇసుకలో దుంకితే లెక్కకు రాదట.

వాడికి ఏడేళ్ళు. వందో దుంకు తర్వాత, "ఇంకెన్ని?" అని అడిగాడు.

"ఇంకో వంద."

"అంటే మళ్ళ మొదటికెల్లి గదా!" అన్నాడు ఏడుపు గొంతుతో.

దిగుడు 909

ఐదుగురూ వచ్చారు. నిమిషాలు పూర్తి.

నూట పది దగ్గర ఓదెలు ఆగాడు. "రాజవ్వా, కాలు నొస్తున్నది."

"అందరికీ నొస్తది. నాకు నొస్తలేదా?" అన్నాను.

రెండు వందలూ పూర్తిచేశాడు. తిరుగు లిఫ్టు సగం దూరం ఎక్కగానే నొప్పి పోయిందన్నాడు. నడుమలో తలుపు తెరవగానే కాలితో గోడను తన్ని, చేపలా దూసుకుపోయి, సోనీ టోపీ లాక్కుని మలుపు తిరిగి మాయమయ్యాడు. అలాంటి పిల్లవాడికి కాలు నొప్పంటే ఎవరు నమ్ముతారు?

"ఓదెలు: మారాం" అని గడిలో రాశాను.

దిగుడు 912

ఓదెలు మళ్ళీ నొప్పన్నాడు. నూట అరవై దుంకులకు ఒప్పించాను.

నేను పైకి వచ్చి, మోకాళ్ళ గుడ్డ విప్పుకుంటుంటే వాడి తల్లి స్వరూప వచ్చి నా గుమ్మం పిడి పట్టుకుని తేలుతూ నిలబడింది. మా పక్క గదే. బయట కరెంటు పుట్టించే ఎండపలకలు బాగుచేసే పని ఆమెది. శిరస్త్రాణం ఒరుసుకున్న ఎర్రటి గీతలు బుగ్గల మీద ఇంకా చెరిగిపోలేదు.

"అక్కా, పొద్దుగాల పడుకునే సంచిలకెల్లి బయటికి రానని ఒకటే లొల్లి చేసిండు. ఆడ ఏం చేస్తుండు?"

"దుంకుమంటే ఏడుస్తుండు. కాలు నొస్తున్నదట."

"ఈడ మంచిగనే ఉంటుండు గద. రాత్రి దనుక ఎగిరిండు."

"నేను గూడ గదే అనుకుంటున్న."

ఆమె దిగులు కొలత గురించి. ఎనిమిదేళ్ళు నిండిన రోజు పిల్లల ఎముకలు కొలుస్తారు. కొలత తప్పితే లిఫ్టు కార్డు రద్దు చేస్తారు, కింద పడితే విరుగుతాయని. ఇక ఆ పిల్లలు బతుకంతా నడుమలోనే. ఇక్కడ ఐదో తరగతి దాటి బడి లేదు. పలకల పనో, ఓడల దగ్గర మూటల పనో. నా ఎడమ చేతి రెండు వేళ్ళు ఆ మూటల మధ్యే పోయాయి. అందుకే నన్ను పిల్లలకు తోడుగా వేశారు.

"నలభై ఒక్క రోజులే ఉన్నయి అక్కా" అంది స్వరూప. "ఏడ్చినా సరే, దుంకియ్యి. నువ్వు జాలిపడకు. నీకు దండం పెడత."

సరేనన్నాను. వద్దనడానికి ఓపిక కావాలి.

దిగుడు 917

ఓదెలు రాగానే జారుడుబండ కింద దూరి కూర్చున్నాడు. నేను వంగలేను. మైథిలిని పంపించాను. పిల్లలందరిలో పెద్దది, పన్నెండేళ్ళది.

"వస్తలేడు రాజవ్వా. ఈడనే ఉంట అంటుండు."

చివరికి నేనే మోకాళ్ళ మీద పాకి, చెయ్యి పట్టి బయటికి లాగాను. ఉయ్యాల దగ్గర నిలబడ్డ అంచు తల్లులు ఇద్దరు మాటలాపి చూశారు. వాళ్ళ చూపు నాకు కొత్త కాదు. మా పిల్లలు తూలుతూ నడుస్తారు, బంతి ఎక్కడ పడుతుందో తెలియక వాళ్ళ పిల్లల మీద పడతారు, ఒక్కోసారి వాంతులు చేసుకుంటారు. కానీ ఇవాళ వాళ్ళు చూసింది పిల్లల్ని కాదు, నన్ను.

"నొస్తున్నది రాజవ్వా."

"నువ్వు దుంకకపోతే మీ అమ్మ ఏడుస్తది. ఏడవాల్నా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. గట్టెక్కాడు. నేను లెక్కపెట్టాను. వాడు ప్రతి దుంకుకీ కుడికాలు కొంచెం వెనక్కి పెట్టి ఎడమ కాలి మీదే దిగుతున్నాడు. "రెండు కాళ్ళ మీద" అని అరిచాను. రెండు కాళ్ళ మీద దుంకాడు. నూట ఎనభై ఆరు.

దిగుడు 921

నిన్నంతా నాకు జ్వరం. ఒక రోజు తోడు పనికి ఇంకెవరైనా దిగుతారేమో అడిగాను. శాంతన్నకు పనివేళ. సోనీ నాన్న దిగి పదకొండేళ్ళయింది, నిలబడలేడు. నడుమలో పనిచేసే అమ్మానాన్నలెవరూ దిగరు. ఒకసారి దిగితే రెండు రోజులు ఒళ్ళు స్వాధీనంలో ఉండదు, పని పోతుంది. తోడు లేనిదే లిఫ్టు కదలదు. అందుకని మాత్ర మింగి నేనే వచ్చాను.

ఓదెలు ఇవాళ ఏడవలేదు. నలభై దుంకుల తర్వాత గట్టు మీద కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా లాగి, కుడి కాలి ముందు ఎముక మీద చూపుడు వేలు పెట్టాడు.

"ఈడ. ఈడనే. ఇంకేడ నొస్తలేదు."

చూశాను. వాపు లేదు, ఎరుపు లేదు. మామూలు కాలు. నా కళ్ళు మంటగా ఉన్నాయి. ఇంటికి పోయి పడుకోవాలని తప్ప ఇంకో ఆలోచన లేదు.

"గంతేనా? చిన్న చోటు. తక్కువైతది."

నూట యాభై. అంతకంటే బలవంతం చేయలేకపోయాను. జాలితో కాదు, లెక్కపెట్టే ఓపిక లేక.

దిగుడు 923

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, డెబ్భై మూడో దుంకులో, ఓదెలు కాలు విరిగింది.

శబ్దం నాకు వినపడింది. పుల్ల విరిచినట్టు చిన్న శబ్దం. వాడు వెంటనే అరవలేదు. నేల మీద కూర్చుండిపోయి, నా ముఖంలోకి చూశాడు. తర్వాత అరిచాడు.

సత్తార్ భాయ్ పరుగెత్తుకొచ్చాడు. నేను లేచి నిలబడబోయి మళ్ళీ కుర్చీలో పడ్డాను. ఆయనే కాలు కదలకుండా తన తలపాగా గుడ్డతో గట్టిగా కట్టి, పిల్లవాణ్ణి చేతుల మీద ఎత్తుకుని, పేట ఆసుపత్రికి నడిచాడు. నేను వెనక నలుగురు పిల్లల్ని పట్టుకుని వెళ్ళాను. ఆ రెండు వీధులు ఎలా నడిచానో గుర్తులేదు.

డాక్టర్ ఇందుమతి ఎక్స్‌రే బొమ్మ తీసి చూసింది. ఎముక ఇవాళే విరగలేదట. రెండు వారాల కిందటే సన్నని పగులు పుట్టిందట. రోజూ దుంకుతుంటే అది సాగిందట.

"ఒళ్ళు అలిసిన పిల్లలు ఎక్కడ నొప్పంటే కాలంతా అరచేత్తో రుద్దుకుంటారు" అంది ఆమె. "పగులున్న పిల్లలు ఒక్క వేలు పెట్టి ఒకే చోటు చూపిస్తారు. మీకెవరూ చెప్పలేదా?"

"లేదమ్మా."

"వీడు అలా చూపించాడా?"

గుర్తులేదని అనొచ్చు. ఓదెలుకు మత్తు ఇచ్చారు, వాడు చెప్పడు. కానీ పుస్తకం నా చంకలోనే ఉంది.

"చూపిచ్చిండు. మొన్న. రాసిన" అని వెనక పేజీలు తీసి ఇచ్చాను.

ఆమె నిలబడే చదివింది. ఒక పేజీ వెనక్కి తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. మూడేళ్ళలో నా రాత చదివిన మొదటి మనిషి ఆమె. నాకు ముఖం దాచుకునే చోటు దొరికితే బాగుండుననిపించింది.

"రెండు వందల దుంకులు! ఏడేళ్ళ పిల్లాడికి, రెండు నెలలు దిగకుండా ఉన్నవాడికి, మొదటి రోజు నుంచే రెండు వందలు ఎవరు రాశారు?"

కార్డు చూపించాను. కింద సంతకం లేదు. అచ్చేసిన కార్డు, లోటున్న పిల్లలందరికీ ఒకటే. ఆమె కార్డు తిరగేసి వెనక కూడా వెతికింది, నా పేజీలతో పాటు దానికీ నకలు తీయించింది.

పైకి తీసుకెళ్తే ఎముక అతకదు కాబట్టి ఓదెలు ఆరు వారాలు ఇక్కడే ఉండాలి. స్వరూపతో తెర మీద మాట్లాడించారు. పని నుంచి నేరుగా వచ్చిందేమో, జుట్టు చెమటతో నుదుటికి అంటుకుని ఉంది. కొడుకును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నొస్తుందని నీకు చెప్పిండా అక్కా?"

"చెప్పిండు."

"ఎన్నిసార్లు?"

పుస్తకం తిప్పి లెక్కపెట్టాను. "నాలుగుసార్లు రాసి ఉంది. రాయనివి గూడ ఉంటయ్."

ఆమె చెయ్యి చాపింది. తెర నల్లబడింది. నువ్వే దుంకించమన్నావు కదా అనే మాట నా నోటి దాకా వచ్చింది. అనకపోవడమే మంచిదైంది. ఆమె అడగకపోయినా నేను దుంకించేదాన్నే.

దిగుడు 926

పిల్లలు నలుగురు. నిమిషాలు పూర్తి.

ఇవాళ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో కొత్త పుస్తకం.

"పాతది మాకు ఇచ్చేయండి. మొదటి నుంచి దీంట్లో ఎక్కించండి. గడుల వరకే. వెనక రాసిన కబుర్లేవీ అక్కర్లేదు."

"తొమ్మిది వందల దిగుళ్ళు సార్. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. పుస్తకం కదలకుండా పట్టుకోను గూడ రాదు. నాతోని కాదు."

"మీ మంచికే చెప్తున్నానమ్మా."

"నాకు తెలుసు."

పని తీసేస్తారేమో అనుకున్నాను. నిజానికి తీసేస్తే బాగుండుననుకున్నాను. కానీ నా బదులు దిగేవాళ్ళు ఆఫీసుకు కూడా దొరకలేదు. ఆయన కొత్త పుస్తకం అక్కడే వదిలి పోయాడు. పాతది నా దగ్గరే ఉంది.

దిగుడు 938

పిల్లలు నలుగురు.

ఆట వేళలో అరగంట వాళ్ళను సత్తార్ భాయ్‌కి, మైథిలికి అప్పగించి ఆసుపత్రికి పోతున్నాను. ఓదెలు కాలికి తొడ దాకా పిండికట్టు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను కుర్చీలో కూర్చుని, అరగంట కాగానే లేచి వచ్చేదాన్ని. ఇవాళ మాత్రం ఇటు తిరిగాడు.

"రాజవ్వా, అమ్మ ఎందుకు వస్తలేదు?"

"అమ్మకు ఈడ నిలబడ చాతకాదు బిడ్డా. ఎనిమిదేళ్ళాయె దిగక. నువ్వు పుట్టినప్పుడు దిగింది, గంతే."

"నాకు చాతనైతది గద. అమ్మకెందుకు చాతకాదు?"

"నువ్వు రోజు దిగినవు. అందుకే."

వాడు ఆలోచించాడు. "నువ్వు చూపిచ్చిన కాడ నేను దుంకిన" అన్నాడు. "నేను చూపిచ్చిన కాడ నువ్వు చూడలే."

"చూడలే" అన్నాను. "తప్పైంది ఓదెలూ."

వాడు కట్టు లోపల దురదగా ఉందన్నాడు. సన్నని దువ్వెన అడిగి తెచ్చి, గోకడానికి ఇచ్చాను.

స్వరూప నాతో మాట్లాడటం మానేసి పదిహేను రోజులు. తాళ్ళ దారిలో ఎదురైతే ముఖం తిప్పుకుని పక్క తాడు పట్టుకుంటుంది. గోడ అవతలి నుంచి రోజూ ఒక చప్పుడు వినిపిస్తోంది. రబ్బరు పట్టీ సాగి గోడకు కొట్టుకునే చప్పుడు. ఏడుపులో మధ్యమధ్య ఆగినట్టు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఏళ్ళ తరబడి దిగనివాళ్ళు కిందికి రావాలంటే నెలరోజులు కాళ్ళకూ వెన్నుకూ ఆ పట్టీలతో కసరత్తు చేయాలి. అప్పుడే డాక్టర్లు అరగంటకు అనుమతి ఇస్తారు.

దిగుడు 951

పిల్లలు నలుగురు. సోనీ వాంతి చేసుకోలేదు.

లిఫ్టు తలుపు మీద కొత్త కాగితం అంటించారు. పిల్లలు ఒకే చోట వేలితో నొప్పి చూపిస్తే ఆ రోజు ఆడించరాదు, డాక్టర్‌కు చూపాలి అని ఉంది. దుంకుల సంఖ్య ఇకపై డాక్టరు ఒక్కొక్క పిల్లకూ విడిగా రాయాలట. డాక్టర్ ఇందుమతి పై ఆఫీసుకు నా వెనక పేజీల నకళ్ళు పంపిందని సత్తార్ భాయ్ చెప్పాడు. ఓదెలు ఎముకల కొలత కూడా ఏడాది వాయిదా వేయించిందట.

మైథిలి కాగితం పైకి చదివి, "గిది ముందుగాల పెట్టకపోయిన్రా?" అంది.

నేను మోకాళ్ళకు గుడ్డ కట్టుకున్నాను.

దిగుడు 956

పిల్లలు నలుగురు. పెద్దవాళ్ళు ఇద్దరు.

లిఫ్టు బయల్దేరే ముందు స్వరూప వచ్చింది. చేతిలో అనుమతి కాగితం. నా వైపు చూడకుండా పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని, పట్టీ కట్టుకోవడం రాక తడబడింది. సోనీ సాయం చేసింది.

"మొదలు చెవులు బిగుసుకుంటయి ఆంటీ" అంది సోనీ. "నోరు తెరువు. మంచిగైతది."

స్వరూప నోరు తెరిచింది. కొంతసేపటికి జడ వచ్చి ఆమె భుజం మీద పడింది. ఉలిక్కిపడి చేత్తో తడిమి చూసుకుంది. చేతులు ఒళ్ళోకి జారిపోయాయి. వాటిని ఎత్తబోయి, ఎత్తలేక, అలాగే చూస్తూ ఉండిపోయింది. తల నిలవడం లేదు. నేను నా దుప్పటి మడిచి మెడ వెనక పెట్టాను. వద్దనలేదు.

"ఇంత నొస్తదా?" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు.

"నొస్తది" అన్నాను.

"రోజూనా?"

"రోజూ."

"పిల్లలకు గూడనా?"

"పిల్లలకు గూడ."

ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కిందికి జారాయి. నడుమలో కన్నీళ్ళు జారవు. కంటి దగ్గరే ముద్దకట్టి నిలుస్తాయి, గుడ్డతో అద్దుకోవాలి. ఆమె పెదవి మీదికి వచ్చిన తడిని నాలుకతో వెతుక్కుంది.

సత్తార్ భాయ్ చక్రాల కుర్చీతో గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. మైదానంలో అడుగు పెట్టగానే అటు క్రికెట్ ఆడే పిల్లలు బంతి ఆపారు. ఉయ్యాల దగ్గరున్న తల్లుల్లో ఒకామె దారిలో ఉన్న తన బిడ్డ సైకిల్ తీసి పక్కన పెట్టింది.

ఆసుపత్రి నుంచి ఓదెలును ఇంకో కుర్చీలో తెచ్చి గట్టు పక్కన ఉన్న వేపచెట్టు నీడన ఉంచారు. పెద్ద కట్టు తీసేసి మోకాలి కింద చిన్నది వేశారు. తల్లిని చూసి వాడు అరవలేదు. సిగ్గుపడ్డాడు. ఆమెను చూసి నెల దాటింది.

"అమ్మా, నువ్వు కిందికి వచ్చినవ్."

"వచ్చిన నాయినా."

"నొస్తున్నదా?"

"లేదు" అంది. తర్వాత, "నొస్తున్నది" అంది.

వాణ్ణి తన ఒళ్ళో కూర్చోబెట్టమంది. నర్సు వద్దంది. ఆమె మళ్ళీ అడిగింది. సత్తార్ భాయ్ నర్సు వైపు చూసి, కట్టు తగలకుండా రెండు చేతులతో ఎత్తి మెల్లగా ఆమె ఒళ్ళో దింపాడు.

స్వరూప నోట్లోంచి ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. ఏమైందోనని నేను ముందుకు వంగాను. ఆమె చేతులు వాడి నడుము చుట్టూ వేసుకుంది. జారిపోకుండా ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకుంది.

"ఇంత బరువున్నడా?" అంది.

నేను కుర్చీ చక్రానికి అడ్డంగా కాలు పెట్టాను.

"నలభై రోజుల పిల్లగాడప్పుడు పైకి తీసుకపోయిన. గంతే. అటెన్క ఎన్నడు ఎత్తుకున్నా గాలి లెక్కనే ఉండె." ఆమె గెడ్డం వాడి తల మీద ఆనించింది. "ఎనిమిదేండ్లు పెంచిన. నా కొడుకు ఇంత బరువుంటడని నాకు తెల్వనే తెల్వదు."

"పంతొమ్మిది కిలోలు" అన్నాడు ఓదెలు. "మొన్న చూసిన్రు."

ఆమె నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు తెల్లబడ్డాయి. ఇక మోయలేదని నాకు తెలిసింది. వాడి చంకల కింద చేతులు పెట్టి కొంత భారం నా మీదికి తీసుకోబోయాను.

"ముట్టకు" అంది.

చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆమె కళ్ళు మూసుకుని, వాణ్ణి అలాగే పట్టుకుని కూర్చుంది. శాంతన్న కూతుళ్ళు ఉయ్యాల ఆపి వచ్చి నిలబడ్డారు. సోనీ వాళ్ళ వెనక నిలబడింది. ఓదెలు తల్లి మెడలో ముఖం దాచుకుని ఏదో చెప్తున్నాడు. నాకు వినపడలేదు.

అరగంట పూర్తయిందని నర్సు రెండుసార్లు చెప్పింది. స్వరూప కళ్ళు తెరిచి, చాలా రోజుల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం పోలేదు. పోతుందని నేను అనుకోను.

"రేపు లిఫ్టు ఎన్ని గంటలకు అక్కా?"

"రెండుకు. కానీ నువ్వు రెండు రోజులు లేవలేవు. పని..."

"ఎన్ని గంటలకని అడిగిన."

"రెండుకు" అన్నాను. "పది నిమిషాలు ముందు రా. మోకాళ్ళకు గుడ్డ ఎట్ల కట్టుకోవాల్నో చూపిస్త."